హన్మంతు గారి మూడు పెన్నులూ, పోయిన కరెంటూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో నేను ఒక పెద్దమనిషిని, తలుపు సగం తీసి ఉండగా, బయట క్యూలో నలుగురు వింటుండగా, కడిగి ఆరేశాను. అలా చేసి ఉండకూడదని ఆ సాయంత్రం దాకా అనుకున్నాను. ఆ తర్వాత ఏమనుకోవాలో నాకే తెలియకుండా పోయింది.

ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్ టౌన్ సెంటర్‌లో ఒక మందుల షాపు వెనక గదిలో నా ఉద్యోగం. సిగరెట్లు మానాలనుకునేవాళ్లు వారానికోసారి నా దగ్గరికొచ్చి, అరచేతిలో పట్టే చిన్న మిషన్‌లో ఊదుతారు. ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో అది అంకెల్లో చూపిస్తుంది. పొగ ముట్టనివాళ్లకు రెండో మూడో వస్తుంది, తాగేవాళ్లకు పది దాటుతుంది. మనిషి నాలుకకు నరం లేదు, మిషన్‌కి నాలుకే లేదు. కాబట్టి నేను మిషన్‌నే నమ్ముతాను. ఎనిమిదేళ్లుగా ఆ గదిలో నేను నేర్చుకున్న వేదాంతం ఇంతే.

హన్మంతు గారిది ఆర్మూరు వైపు. పద్నాలుగో ఏట బీడీ ముట్టించారు. ఇంగ్లండ్‌కు వంటవాడిగా వచ్చి, ఆ హోటల్ మూతపడ్డాక డ్రైవింగ్ నేర్చుకుని స్కూలు బస్సు నడుపుతున్నారు. యాభై ఎనిమిదేళ్లు. బస్సులో పిల్లలు ఆయనను ‘మిస్టర్ హన్’ అంటారు. భార్య యాదమ్మ, ఒక్కగానొక్క కూతురు రచన. రచన ఎనిమిదేళ్లప్పుడు ఇక్కడికొచ్చింది. ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం, పెళ్లి, అంతా అయింది. అల్లుడు అభిజిత్‌తో సహా అందరూ ఒకే ఇంట్లో, బ్రాక్‌నెల్‌కు మూడు మైళ్ల అవతల ఒక పల్లెలాంటి చోట ఉంటారు.

ఈయన అంతకు ముందు రెండుసార్లు మానేశానని చెప్పారు. మొదటిసారి షెడ్డులో పెయింటు డబ్బా వెనక ప్యాకెట్ దొరికింది. రెండోసారి తోట పని బూటులో. రెండుసార్లూ పట్టుకున్నది రచనే. “నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయ్ మేడం మా నాయిన మాటలు” అని యాదమ్మ గారి గొంతుతో అనుకరించి మరీ చెప్పింది నాకు. తెలుగు రచనకు బాగానే వచ్చు, కోపం వచ్చినప్పుడు మాత్రం ఇంగ్లీషులోకి దిగుతుంది.

ఆ జనవరిలో రచనకు ఏడు వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. మూడు వారాలు గాజుపెట్టెలో ఉంచారు. ఊపిరితిత్తులు బలంగా లేవు. ఆ గాజుపెట్టె పక్కన నిలబడి రచన తండ్రితో అన్నదట: “నాన్నా, ఈసారి నీ మాట నాకొద్దు. మిషన్ మాట కావాలి. నాలుగు వారాలు, నాలుగు టెస్టులు. నాలుగూ క్లీన్‌గా వస్తే బాబును నీ చేతికిస్తా. లేకపోతే లేదు. దట్స్ ఇట్.”

తాత కాబట్టి కొంచెం కరుగుతుందిలే అనుకున్నారు ఆయన. కరగలేదు. బాబు ఇంటికొచ్చి పదిరోజులైనా ఈయన గోడవారన కుర్చీలో కూర్చుని దూరం నుంచి చూడటమే. యాదమ్మ గారు ఎత్తుకుంటారు, బిడ్డను చూసిపోవడానికి ఇంటికొచ్చే నర్సు ఎత్తుకుంటుంది, పక్కింటి ఇంగ్లీషావిడ కూడా ఒకరోజు ఎత్తుకుంది. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు.

మానడానికి ఆయన పట్టుకున్న ఊతం ఈ-సిగరెట్. లావుపాటి పెన్నులా ఉండేది, ఆయనా ‘పెన్ను’ అనే అనేవారు. బటన్ నొక్కి పీలిస్తే ఆవిరి వస్తుంది, నికోటిన్ అందుతుంది, పొగ ఉండదు గనుక నా మిషన్‌కు పట్టుబడదు. అలాంటివి మూడు కొన్నారు. పూటకొక పెన్నుకు చార్జి దిగిపోయేది. నలభై నాలుగేళ్ల అలవాటు అది, ఏమనుకున్నారు. బస్సు డ్రైవరు కదా, వాటికీ డ్యూటీలు వేశారు. “ఒకటి రోడ్డు మీద, ఒకటి స్పేర్, ఒకటి డిపోల చార్జింగ్. మూడిట్ల ఒకటి నాగా పెట్టినా నా బండి ఆగుతది మేడం” అనేవారు.

మొదటి సోమవారం మూడు వచ్చింది. రెండో సోమవారం రెండు. మూడో సోమవారం రెండు. నేను ముద్ర వేసిచ్చిన కాగితాలు మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. ఇంకొక్కటి మిగిలింది.

ఆ నాలుగో సోమవారానికి ముందు శుక్రవారం రాత్రి గాలివాన వచ్చింది. వాళ్ల ఊరి దగ్గర పెద్ద చెట్టు కరెంటు తీగల మీద పడింది. ఒక చెట్టే అయితే పూటలో అయిపోయేది, అలాంటివి దారి పొడవునా పడ్డాయి. మాకు టౌన్‌లో లైటు ఒకసారి ఆరి వెలిగిందంతే. వాళ్లకు మాత్రం శుక్రవారం రాత్రి పోయిన కరెంటు సోమవారం దాకా రాలేదు.

ఆ వీధికి గ్యాస్ లేదు. ఇల్లు వేడెక్కించేది ఆయిల్ బాయిలర్, కానీ దాన్ని తిప్పడానికీ కరెంటే కావాలి. వంటా కరెంటు మీదే. గోరుచుట్టు మీద రోకటిపోటులా అల్లుడు ఆఫీసు పని మీద హైదరాబాదులో ఉన్నాడు, కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది. పక్కింటావిడ తన చెల్లెలింటికి వెళ్లిపోతూ, మీరూ రండి, అక్కడ వెచ్చగా ఉంటుందని పిలిచింది. యాదమ్మ గారు ఒప్పుకోలేదు. బాలింత నెల వెళ్లకుండా గడప దాటకూడదు. నెల అయిపోయింది కదమ్మా అని రచన అంటే, “ఆసుపత్రిల ఉన్నయి లెక్కల రావు. ఇంటికొచ్చినకాడికెంచి నెల” అన్నారట. యాదమ్మ గారి పంచాంగం అది, దానికి అప్పీలు లేదు.

ఇక హన్మంతు గారి సంగతి. ఇంట్లో అందరికీ చలి బాధ అయితే ఈయనకు చార్జింగ్ బాధ. శనివారం పొద్దున బస్సెక్కి టౌన్‌లో లైబ్రరీకి వచ్చారు. పేపర్లు చదివే బల్ల కింద ఒకే ఒక ప్లగ్గు. దానికి ఇంటి నుంచి తెచ్చిన నాలుగు కన్నాల ఎక్స్‌టెన్షన్ తగిలించి, రెండు పెన్నులు, రచన ఫోను, అల్లుడి పవర్ బ్యాంకు పెట్టారు. రెండు గంటల తర్వాత ఒక పెన్ను తీసి మూడోది పెట్టారు. మూసేదాకా అక్కడే కూర్చున్నారు. చేతిలో పేపరు లేకపోతే లేపేస్తారేమోనని గుర్రప్పందాల పేజీ తెరిచి పెట్టుకున్నారట. ఆ రోజు ఏ గుర్రం గెలిచిందో నాకు చెప్పారు గానీ నేను మరిచిపోయాను.

ఆదివారం లైబ్రరీ లేదు. పక్క ఊరి చర్చి హాల్లో జనరేటర్ పెట్టారని, ఎవరైనా వచ్చి టీ తాగి ఫోన్లు చార్జి చేసుకోవచ్చని ఎవరో చెబితే మైలున్నర నడిచి వెళ్లారు. పియానో వెనక ప్లగ్గు దొరికింది. మూడు పెన్నులూ గుచ్చి, మర్యాదగా ఉండదని ప్రార్థనంతా కూర్చుని విన్నారు. మధ్యలో జనం లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుని, పక్కాయన చేయి కలిపితే కలిపారు. ప్రార్థన అయ్యేసరికి ఒక ముసలావిడ వచ్చింది. ఆయాసానికి ఆవిరి పట్టే మిషన్ చేతిలో ఉంది. హాల్లో ప్లగ్గులన్నీ ఫోన్లతో నిండిపోయాయి. ఈయన ఎవరూ అడగకుండానే తన పెన్నులు పీకి ఆవిడకు చోటిచ్చారు. చార్జి పావు వంతు కూడా ఎక్కలేదు.

“పుణ్యానికి పోతే పాపం ఎదురైంది మేడం. ఇంటికొచ్చేవరకు ఒకటి ఖతం. మాపటిజాముకు మూడూ ఎర్ర లైటు కొట్టుకుంటున్నయ్” అన్నారు.

పవర్ బ్యాంకులో కొంత మిగిలింది గానీ అది రచన ఫోనుకని ఆమె ముందే తీసి పెట్టుకుంది. ఆ ఇంట్లో లోకంతో మాట్లాడటానికి అదొక్కటే ఫోను. ఇంటి ఫోను కరెంటు లేకపోతే పలకదు, ఈయన ఫోను శనివారమే సింకులో పడి పోయింది. మరి ఆదివారం సాయంత్రం ఎలా గడిపారని అడిగితే, “లవంగాలు నమిలిన. ఊరు చుట్టు నాలుగు రౌండ్లు కొట్టిన. పండుకున్న” అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

సోమవారం పొద్దున ఆయన చేసిన పని ఒకటుంది. పసిబిడ్డలా కళ్లు తెరవలేని నిద్రలో ఉన్న కూతురి తలగడ పక్కనుంచి పవర్ బ్యాంకు తీసుకున్నారు. ఫోనులో నాలుగు శాతం ఉంది. అది చూశారు. చూసే తీసుకున్నారు. టెస్టు రోజు, బస్సు స్టాపు ఎదురుగానే సిగరెట్లమ్మే కొట్టు, చేతిలో పెన్ను లేకపోతే కాలు ఎటు లాగుతుందో ఆయనకు బాగా తెలుసు. ఇదంతా బాబు కోసమే కదా అని సర్దిచెప్పుకున్నారు. సర్దిచెప్పుకోవడంలో మగవాళ్లను మించినవాళ్లు లేరని నేను అంటాను గానీ, మానేయడానికి నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది ఆడవాళ్లే.

పదిన్నరకు షాపుకొచ్చారు. రాగానే నన్ను అడగకుండా నా గదిలో కెటిల్ ప్లగ్గు పీకి పెన్నులు గుచ్చారు. నాకు ఒళ్లు మండింది.

“ఇదేమన్నా మీ డిపో అనుకున్నారా హన్మంతు గారూ?”

“గరం గాకుండ్రి మేడం. మూడు రోజుల సంది కరెంటు లేదు. ముందుగాల ఊది పోత, ఇవి గంట ఉంటయ్.”

ముఖం ఎర్రగా ఉంది. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో కణతలు నొక్కుకుంటున్నారు. తలనొప్పా అంటే, రెండు రోజులుగా ఉందన్నారు. నికోటిన్ తగ్గితే తలనొప్పి వస్తుందని మొదటి వారం నేనే చెప్పాను. అదే చెప్పి మిషన్ చేతికిచ్చాను.

ఊపిరి బిగబట్టి ఊదారు. అంకెలు ఎక్కుతున్నాయి. పది దగ్గర ఆగుతుందేమోనని చూశాను. ఇరవై దాటింది. నలభై ఆరు దగ్గర ఆగింది.

ఇంకోసారి ఊదించాను. నలభై ఆరే.

అప్పుడు నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. మూడు వారాలుగా ఈ మనిషి మీద నాకు ఒక నమ్మకం కుదిరింది, అది అంత మంది ముందు పగిలితే నాకు సిగ్గనిపించింది, ఆ సిగ్గు కోపమైంది. కుక్క తోక వంకర అన్నాను. కూతుర్ని మూడోసారి మోసం చేస్తారా అన్నాను. బాబును ఎత్తుకునే మాట మరిచిపోండి అన్నాను. తెలుగులోనే అన్నాను గానీ గొంతుకు భాష అక్కర్లేదు కదా, క్యూలో వాళ్లు తలలు తిప్పి చూశారు.

“నేను తాగలే మేడం.”

“మిషన్ చెబుతోంది.”

“మిషన్ ఖరాబైందేమో. మీరు ఊదుండ్రి.”

నేను ఊదాను. రెండు వచ్చింది. మిషన్ బాగానే ఉంది. ఆయన తల వంచుకున్నారు. పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కాగితం మీద అంకె రాద్దామని వంగాను. అప్పుడు ఆగాను.

మానకముందు ఈయన రోజుకు పాతిక సిగరెట్లు తాగే రోజుల్లో, మొట్టమొదటిసారి ఊదినప్పుడు వచ్చింది ఇరవై నాలుగు. ఇప్పుడు నలభై ఆరు రావాలంటే తెల్లవారుజాము నుంచి ఎన్ని పెట్టెలు కాల్చాలి. కాల్చినవాడి దగ్గర వాసన ఉండాలి. ఎనిమిదేళ్లుగా అదే గాలి పీలుస్తున్నదాన్ని, నా ముక్కుకు తెలుస్తుంది. ఆయన స్వెటర్ దగ్గరికి వంగి చూశాను. పొగాకు వాసన కాదు. సాంబ్రాణి.

“ఇంట్లో సాంబ్రాణి వేస్తున్నారా?”

“ఏస్తరు గద, బాబుకు నీళ్లు పోసినంక.”

“కరెంటు లేదు కదా. నిప్పులెక్కడివి?”

“బొగ్గులు నింపి అమ్మేటి బార్బెక్యూ రేకులున్నయ్ గద, ఒకసారి వాడి పారేసేటియి. ఎండాకాలంల కొన్నయి షెడ్ల ఉండె. వాటి మీదనే తోటల వండుకుంటున్నం. వండినంక ఆ నిప్పులే లోపటికి తెస్తున్న. బాలింతకు చలి పెడ్తదని యాదమ్మ కుంపటి లెక్క మంచం కాడ పెట్టుమన్నది.”

“గదిలోనా? తలుపు తీసే ఉంచారా?”

“గాలి తగులొద్దు గద. తలుపు కింద తువ్వాల పెట్టిందామె. పొగ మొత్తం పోయి, మంచిగ ఎర్రగైనంకనే తెస్తున్న మేడం. పొగకు నేనెట్ల తెస్త, బాబు ఛాతీ మంచిగ లేదాయె.”

పొగ పోయింది, కనబడని విషం పోలేదు. ఎర్రటి బొగ్గులు కక్కేది అదే. నా మిషన్ కొలిచేదీ అదే. మన పెంకుటిళ్లలో కుంపటి పెడితే కప్పు సందుల్లోంచి, తలుపు రెక్కల్లోంచి పోయేది. మా తెనాలిలో మా అమ్మ నన్ను అలాగే పెంచింది. నా కూతురు పుట్టినప్పుడు ఇక్కడి ఫ్లాటులోనూ మా అమ్మ అదే చేసింది, కిటికీ తీసి ఉందో లేదో నాకు గుర్తు కూడా లేదు. బతికి ఉన్నాం కాబట్టి మాకు తెలివి ఉందనుకున్నాం. ఈ దేశంలో ఇళ్లు రెండు పొరల అద్దాలతో డబ్బా మూతలా బిగించి ఉంటాయి.

“యాదమ్మ గారికి ఎలా ఉంది?”

“నిన్న వాంతి చేసుకున్నది. అరుగుదల లేదనుకున్నం.”

“రచనకి?”

“నిద్ర లేస్త లేదు. బాలింత గద, పండుకోనీ అన్నది వాళ్లమ్మ.”

“నిప్పులు ఇప్పుడు ఎక్కడున్నాయి?”

ఆయన నా ముఖం చూశారు. అప్పుడు అర్థమైనట్టుంది. “పొద్దుగాల నిండుగ పెట్టి వచ్చిన” అన్నారు మెల్లగా.

నేను రచన ఫోనుకు చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. ఆయన నా చేయి పట్టుకుని ఆపారు.

“మోగదు మేడం. చార్జింగు నేను తెచ్చిన. నేనే సంపిన ఆ ఫోన్‌ను.”

మా ఫార్మసిస్టు అంబులెన్సుకూ ఫైరింజనుకూ పిలిచే 999కు ఫోన్ చేసింది. నేను కారు తీశాను. మూడు మైళ్లే గానీ పడిన చెట్ల వల్ల చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. నాకు భయంగా ఉంది. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. ఒకసారి మాత్రం, “యాదమ్మ చేతుల మీదనే ఉంటడు వాడు, ఎప్పుడూ” అన్నారు. ధైర్యం చెప్పుకుంటున్నారో భయపడుతున్నారో నాకు తెలియలేదు.

మేం వెళ్లేసరికి ఫైరింజన్ వచ్చి ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బొగ్గుల రేకు తోటలో గడ్డి మీద పడి ఉంది. రచనను స్ట్రెచర్ మీద పెట్టి ముఖానికి ఆక్సిజన్ మాస్క్ వేశారు, కళ్లు తెరిచే ఉంది. యాదమ్మ గారు గోడకానుకుని కూర్చుని, ఎవరేం అడిగినా మాట తడబడుతున్నారు. బాబు ఒక ఫైర్‌మన్ చేతుల్లో దుప్పటిలో ఉన్నాడు. మొదట ఏడవలేదట. చలిగాలి తగిలాక ఏడ్చాడట. మేం గేటు తీసేసరికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు విని హన్మంతు గారు గేటు దగ్గరే నిలబడిపోయారు.

ఆసుపత్రిలో అందరికీ రక్తం తీశారు. యాదమ్మ గారి ఇంగ్లీషు కోసం నేను ఉండిపోయాను. అందరికంటే ఎక్కువ విషం ఎక్కింది యాదమ్మ గారికి, తర్వాత రచనకు. హన్మంతు గారికి తక్కువ, ఎందుకంటే ఆయన మూడు రోజులూ ప్లగ్గుల వెంట ఊళ్లు తిరుగుతూ ఇంట్లో తక్కువ ఉన్నారు. బాబుకు అందరికంటే తక్కువ. వాడి తొట్టి కిటికీ పక్కన ఉంది, ఆ కిటికీ రెక్క సరిగా మూసుకోదు. ఆ సందులో బట్ట కుక్కమని యాదమ్మ గారు శనివారం నుంచి ఈయనను పోరుతున్నారట. ఈయన పెన్నుల గొడవలో పడి మరిచిపోయారు. డాక్టరు ఆ మాట విని ఇంకోసారి చెప్పించుకుంది.

సాయంత్రానికి యాదమ్మ గారు మాట స్పష్టంగా మాట్లాడారు. మొదటి మాట ఆ కిటికీ గురించే. “నేను సంపుతుంటి పోరన్ని” అన్నారు. మా అమ్మా అదే చేసిందని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేరు.

వరండాలో హన్మంతు గారికి నేను క్షమాపణ చెప్పాను. నా జీవితంలో అలాంటివి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ నలభై ఆరు బొగ్గులదని, తప్పుగా అన్నానని, నాలుగో కాగితం మీద ఆ మాట రాసి ముద్ర వేసిస్తానని, నాలుగు వారాలూ మీరు గెలిచినట్టేనని అన్నాను. గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలేసి పెట్టారు, ఆయన అది చూస్తూ నిలబడ్డారు. అలసట అనుకున్నాను.

లోపలికి వెళ్లాం. రచన మాస్క్ కిందికి జరిపి దిండుకానుకుని కూర్చుంది. బాబు ఆమె చేతుల మీద ఉన్నాడు. నేను ఉండబట్టలేక నలభై ఆరు కథంతా చెప్పేశాను. ఆయన తాగలేదని, నేనే తొందరపడి అన్నానని, ఆయన ఊదకపోతే ఈపాటికి ఏమై ఉండేదో అని. రచన వింటూ తండ్రి వైపు చూసింది.

“సారీ నాన్నా. ఐ షుడ్ హావ్ బిలీవ్డ్ యూ” అన్నది.

ఆయన మంచం చివర నిలబడి ఉన్నారు.

“తాగిన బిడ్డా” అన్నారు.



“ఒకటి తాగిన. నిన్న మాపటికి. కరెంటోళ్లు తీగలు కడుతున్నరు, వాళ్లల్ల ఒకాయినను అడుక్కొని తాగిన. మొత్తం తాగిన.”

నాకు మళ్లీ కోపం వచ్చింది. నా దగ్గర తాగలేదన్నాడు, నా చేత క్షమాపణ చెప్పించుకున్నాడు. ఆ ఒక్క సిగరెట్ సంగతి ఏ మిషనూ ఏ డాక్టరూ ఎప్పటికీ పట్టుకోలేరు, బొగ్గుల కింద పూడిపోయింది, నోరు మూసుకుంటే పోయేదానికి ఈ మనిషికి ఇప్పుడేమొచ్చిందని కూడా కోపం. రెండు కోపాలూ ఒకేసారి ఎలా వస్తాయో నాకు తెలియదు, వచ్చాయి.

అంతకు ముందు రెండుసార్లూ రచనే వెతికి పట్టుకుంది. ఆయన నోటితో చెప్పడం ఇదే మొదటిసారి.

“ఇట్రా” అన్నది.

ఆయన రెండడుగులు వేసి ఆగారు. “నాలుగో టెస్టు పోయింది గద బిడ్డా.”

“చేతులు నొప్పి పెడుతున్నయ్ నాన్నా. పట్టుకో.”

ఆయన వంగారు. ముప్పై మంది పిల్లల్ని రోజూ బస్సులో తిప్పే మనిషికి ఆ ఒక్కణ్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. మెడ కింద చేయి పెట్టమని యాదమ్మ గారు పక్క మంచం మీద నుంచి చెబుతున్నారు.